డిగ్రీ బయాలజీ డిపార్ట్‌మెంట్‌కి "విద్యా లక్ష్యాలు" రాయమన్నారు, అసలు ఏం రాయాలి?

జీవ_లెక్చరర్
మా డిపార్ట్‌మెంట్ లక్ష్యాల కాగితం తిరగరాసే పని నా నెత్తిన పడింది. పాతది తీసి చూస్తే "విద్యార్థి జీవశాస్త్ర మౌలిక భావనలను అర్థం చేసుకుంటాడు", "శాస్త్రీయ దృక్పథాన్ని అలవరచుకుంటాడు", "జీవవైవిధ్యాన్ని అభినందిస్తాడు"... అన్నీ ఇదే వరస. అభినందించాడో లేదో నేనెలా కనుక్కునేది? చప్పట్లు కొట్టించి చూడాలా?
మీటింగ్ పెడితే ఇంకో గోల. ప్రతి ఒక్కరూ తమ పేపర్ సిలబస్ పట్టుకొచ్చి ఇదంతా లక్ష్యాల్లో చేర్చమంటారు. ఒకరికి ఆల్గే జీవితచక్రాలు లేకపోతే డిగ్రీయే కాదు, ఇంకొకరికి పీసీఆర్ (డీఎన్ఏ ముక్కని లక్షల కాపీలు చేసే పద్ధతి) రాకపోతే దండగ. అన్నీ చేర్చుకుంటూ పోతే అది లక్ష్యాల పత్రం కాదు, పుస్తకం వెనకుండే విషయసూచిక అవుతుంది. నేను అడిగేది ఒక్కటే. డిగ్రీ అయి బయటికి వెళ్లే మనిషికి ఏం చేయడం వచ్చి ఉండాలి? మీ దగ్గర ఎవరైనా ఇది తూతూమంత్రంగా కాకుండా చేసి ఉంటే చెప్పండి.

మూడో_ఏడు
స్టూడెంట్‌గా చెప్తున్నా, ఏమీ అనుకోకండి. మా కారిడార్ గోడ మీద కూడా లక్ష్యాలు ఫ్రేమ్ కట్టించి పెట్టారు. మేం చదివేది మాత్రం గత ఐదేళ్ల ప్రశ్నపత్రాలు. అందులో ఏది అడిగితే అదే మా డిపార్ట్‌మెంట్ లక్ష్యం, గోడ మీద ఏముంటే మాకేంటి.

సెంట్రిఫ్యూజ్
☝️ ఈ థ్రెడ్ ఇక్కడితో లాక్ చేసేయొచ్చు

కాలనీ_కౌంటర్
లాక్ చేయకండి, నాకు చెప్పుకోవాల్సింది చాలా ఉంది. నేను క్వాలిటీ ల్యాబ్‌లో మైక్రోబయాలజీ చూస్తాను, కొత్తగా డిగ్రీ అయి వచ్చినవాళ్లని ఇంటర్వ్యూ చేసేది కూడా నేనే. నేనడిగే మొదటి ప్రశ్న చాలా చిన్నది. ఒక నమూనాని లక్ష రెట్లు పలచన చేశాం, అందులోంచి 0.1 మి.లీ. తీసి ప్లేట్ మీద పరిచాం, మర్నాటికి 86 కాలనీలు వచ్చాయి. అసలు నమూనాలో మి.లీ.కి ఎన్ని బ్యాక్టీరియా ఉన్నట్టు? కాగితం, పెన్ను ఇస్తాను, తొందరేం లేదంటాను.
86ని లక్షతో గుణించి 86 లక్షలని ఆపేసేవాళ్లే ఎక్కువ. ప్లేట్ మీద పోసింది మిల్లీలీటరులో పదో వంతే కదా అని ఇంకో పదితో గుణించి 8.6 కోట్లు అనేవాళ్లు తక్కువ. సరే, టెన్షన్‌లో పొరపాటు పడ్డారనుకుందాం. అప్పుడు రెండోది అడుగుతాను. పది రెట్లు తక్కువ పలచన చేసిన ప్లేట్ మీద ఎన్ని రావాలి? 860 దాకా రావాలి, అన్ని వస్తే ఒకదాని మీద ఒకటి కలిసిపోయి లెక్క నమ్మలేం, అందుకే 30 నుంచి 300 మధ్య వచ్చిన ప్లేటునే లెక్కపెడతాం. ఇక్కడ చాలామంది నా మొహం చూస్తారు. వీళ్లంతా సీరియల్ డైల్యూషన్ ప్రాక్టికల్ చేసినవాళ్లే, రికార్డులో అందంగా బొమ్మ కూడా వేసినవాళ్లే.
కాబట్టి లెక్చరర్ గారూ, "సూక్ష్మజీవుల గణన పద్ధతులను అర్థం చేసుకుంటాడు" అని మాత్రం రాయకండి. "ప్లేట్ చూసి అసలు సంఖ్య లెక్కగట్టగలడు, ఆ సంఖ్యని ఎంతవరకు నమ్మాలో చెప్పగలడు" అని రాయండి. అలా రాస్తే పరీక్షించడానికి వీలుంటుంది.

ఆకుల_చాటున
మొత్తం మళ్లీ మొదట్నుంచి కనిపెట్టక్కర్లేదు. అమెరికాలో ఏఏఏఎస్ అనే శాస్త్రవేత్తల సంఘం వాళ్లు 2011లో "విజన్ అండ్ చేంజ్" అని ఒక నివేదిక వేశారు, సరిగ్గా డిగ్రీ స్థాయి బయాలజీ గురించే. మూల భావనలు ఐదంటే ఐదే పెట్టుకున్నారు: పరిణామం, నిర్మాణానికీ పనికీ సంబంధం, సమాచార ప్రవాహం, శక్తి-పదార్థాల మార్పిడి, వ్యవస్థలు. వాటితో పాటు నైపుణ్యాలు ఆరు, ప్రయోగం ఆలోచించడం, లెక్కలు, మోడలింగ్, పక్క శాస్త్రాలతో కలపడం, నలుగురితో కలిసి పనిచేసి చెప్పగలగడం, సమాజంతో ముడి. మీ మీటింగ్‌లో ఆల్గే ఆయన, పీసీఆర్ ఆయన ఇద్దరూ ఈ ఐదింట్లో ఎక్కడో ఒకచోట ఇముడుతారు, గొడవ సగం తగ్గుతుంది.
కానీ పేర్లు రాసుకుంటే పని అయినట్టు కాదు. నేను మొదటి సంవత్సరం క్లాసులో ఏటా ఒకటే అడుగుతాను, పెద్ద చెట్టు మానులో ఉన్న బరువంతా ఎక్కణ్ణుంచి వచ్చింది? "మట్టిలోంచి సార్, వేళ్లు పీల్చుకుంటాయి." కిరణజన్య సంయోగక్రియ సమీకరణం మాత్రం నిద్రలో లేపినా చెప్తారు. వాన్ హెల్మోంట్ చేసిన విల్లో మొక్క ప్రయోగం 1648లోనే అచ్చయింది. అయిదేళ్లలో మొక్క 70 కిలోలకు పైగా పెరిగితే కుండీలో మట్టి తగ్గింది 60 గ్రాములు కూడా లేదు. ఆయన అదంతా నీళ్ల వల్లే అనుకున్నాడు పాపం, గాలిలో కార్బన్ డయాక్సైడ్ సంగతి అప్పటికి తెలీదు. మన పిల్లలకి సమీకరణం తెలిసీ సమాధానం మట్టి దగ్గరే ఆగిపోతోంది. శక్తి-పదార్థాల మార్పిడి అనే లక్ష్యం నెరవేరిందో లేదో చూడాలంటే నాకు ఈ ఒక్క ప్రశ్న చాలు.

పాతకాపు
రిటైరయ్యాను, నిష్ఠూరమైనా చెప్తాను. ఇలాంటి నివేదికలు నా సర్వీసులో చాలా చూశాను. 1956లో చదువు లక్ష్యాల్ని మెట్లుగా పేర్చే బ్లూమ్ వర్గీకరణ వచ్చింది, 2001లో దాన్ని సవరించారు, ఆ పిరమిడ్ బొమ్మ పట్టుకుని ప్రతి వర్క్‌షాపులోనూ "జ్ఞాపకం అడుగున, సృజన పైన" అని ఊదరగొట్టారు. దాంతో జ్ఞాపకం అంటేనే చిన్నచూపైపోయింది. నెఫ్రాన్ (కిడ్నీలో వడపోసే సన్న గొట్టం) భాగాలు తెలియనివాడు లూప్ డయూరెటిక్ అనే మూత్రం పెంచే మందు ఎక్కడ పనిచేస్తుందో ఎలా ఊహిస్తాడండీ? పేర్లు నోటికి రానివాడు ఏ వ్యాసమూ చదవలేడు. పునాది లేకుండా "విమర్శనాత్మక ఆలోచన" అంటే నేల విడిచి సాము. లక్ష్యాల్లో మొదటిదిగా "ఈ ఈ విషయాలు కంఠతా వచ్చి ఉండాలి" అని నిర్మొహమాటంగా రాయండి.

మూడో_ఏడు
సార్, మీరన్నది కొంత నిజమే కానీ మాకు నెఫ్రాన్ భాగాలు వచ్చు. లూప్ డయూరెటిక్ ప్రశ్నే ఎవరూ అడగలేదు. పునాది దగ్గరే మూడేళ్లూ అయిపోతున్నాయి, గోడలు లేవడం లేదు.

సెంట్రిఫ్యూజ్
పాతకాపు గారితో సగం ఏకీభవిస్తాను. విషయం కావాలి. కాకపోతే ఒకే విషయాన్ని రెండు రకాలుగా అడగొచ్చు, తేడా అంతా అక్కడే ఉంది.
మామూలుగా మనం అడిగేది: "డీఎన్ఏ ప్రతికృతి అర్ధసంరక్షక పద్ధతిలో జరుగుతుందని పటం సహాయంతో వివరించండి, 10 మార్కులు." (అంటే కొత్త డీఎన్ఏలో ఒక పోగు పాతది, ఇంకోటి కొత్తది.) పిల్లలు పటం వేస్తారు, మక్కికి మక్కి రాస్తారు, మనం చూపు కూడా ఆనించకుండా ఏడో ఎనిమిదో వేస్తాం.
ఇప్పుడు ఇలా అడగండి. మెసెల్సన్, స్టాల్ (1958) బ్యాక్టీరియాని బరువు ఎక్కువున్న నైట్రోజన్ రకంలో పెంచి, తర్వాత మామూలు నైట్రోజన్‌లోకి మార్చారు. ఒక తరం గడిచాక దాని డీఎన్ఏని సీజియం క్లోరైడ్ ద్రావణంలో వేగంగా తిప్పి సాంద్రతని బట్టి విడదీస్తే మధ్యలో ఒకటే పట్టీ వచ్చింది. (అ) ప్రతికృతి పూర్తి సంరక్షక పద్ధతిలో (పాత డీఎన్ఏ అలాగే ఉండి, పూర్తిగా కొత్తది వేరే తయారయ్యేలా) జరిగి ఉంటే ఎన్ని పట్టీలు వచ్చేవి, ఎక్కడెక్కడ? (ఆ) ఈ ఒక్క ఫలితంతో ఏ ఊహని కొట్టిపారేయవచ్చు, దేన్ని కొట్టిపారేయలేం? (ఇ) రెండో తరంలో ఏం చూస్తే ఆ మిగిలిన అనుమానం తీరుతుంది?
సంరక్షకమైతే పైన ఒకటి కింద ఒకటి రెండు పట్టీలు రావాలి, రాలేదు కాబట్టి అది పోయింది. కానీ పాతా కొత్తా ముక్కముక్కలుగా కలిసిపోతాయనే మూడో ఊహ ఉంది చూశారా, మొదటి తరంలో దానికీ మధ్యలో ఒకటే పట్టీ. రెండో తరంలో మధ్య పట్టీతో పాటు పైన తేలిక పట్టీ కనబడితేనే అది కూడా పోతుంది. ఇది రాయాలంటే విషయం కంఠతా రావాలి, ఆలోచనా రావాలి. సిలబస్‌లో ఒక్క అక్షరం మార్చక్కర్లేదు. దిద్దడం కూడా తేలిక, జవాబు మూడు నాలుగు వాక్యాలే.

పాతకాపు
ప్రశ్న బాగుంది, కాదనను. కానీ ఇది రెండోసారి అడిగితే అదీ గైడుబుక్కుల్లోకి ఎక్కుతుంది, దాన్నీ బట్టీ కొడతారు. తర్వాతి ఏడాది ఇంకో ప్రశ్న తయారుచేసే ఓపిక మీ డిపార్ట్‌మెంట్‌లో ఎంతమందికి ఉంది?

సెంట్రిఫ్యూజ్
అందుకే ఒక్కొక్కరూ విడిగా కాకుండా అందరం కలిసి ప్రశ్నల బ్యాంకు పెట్టుకోవాలి. సెమిస్టర్‌కి తలా రెండు ప్రశ్నలు. అదీ చేయలేమంటే లక్ష్యాల కాగితమెందుకు, సిలబస్సే ఫ్రేమ్ కట్టిద్దాం.

జీవ_లెక్చరర్
ఇది మా మీటింగ్ కంటే చాలా నయం 😀 కాలనీ_కౌంటర్ గారి ప్రశ్న, చెట్టు ప్రశ్న, ఈ పట్టీల ప్రశ్న మూడూ దాచుకున్నా. అంటే ముందు చివరి పరీక్షలో ఏం అడగాలో తేల్చుకుని, అక్కణ్ణుంచి వెనక్కి నడిచి పాఠాలు వేసుకోమంటున్నారు. బ్యాక్‌వర్డ్ డిజైన్ అని ట్రైనింగుల్లో చెప్పేది ఇదే కదా. అక్కడ విన్నప్పుడు నిద్రొచ్చింది, ఇక్కడ కాస్త ఎక్కింది.
మరి ప్రాక్టికల్స్ సంగతేంటి? అక్కడ లక్ష్యాలు ఇంకా అధ్వానంగా ఉన్నాయి.

ప్రిపరేషన్‌రూమ్
ల్యాబ్ నడిపేది నేను కాబట్టి ఇది నా బాధ. గ్రామ్ స్టెయినింగ్ (బ్యాక్టీరియాకి రంగు వేసి రెండు రకాలుగా విడదీసే పద్ధతి) తీసుకోండి. క్రిస్టల్ వయొలెట్, అయోడిన్, ఆల్కహాల్, సాఫ్రనిన్, క్రమం అందరికీ వచ్చు. ఊదా రంగు రావాల్సిన గ్రామ్ పాజిటివ్ స్లైడు గులాబీ రంగులో వచ్చిందనుకోండి, పిల్లలు ఏం చేస్తారు? పక్కవాళ్ల స్లైడు చూసి ఊదా రంగని రాసేస్తారు. ఆల్కహాల్ ఎక్కువసేపు పోసి ఉంటాం, లేదా కల్చర్ బాగా పాతదై గోడలు దెబ్బతిని ఉంటాయి అని ఒక్కరూ అనరు. అనరు కాదు, అంటే మార్కులు పోతాయని భయం. "ఎక్స్‌పెక్టెడ్ రిజల్ట్" వచ్చినవాడికే మార్కులు వేస్తున్నది మనం.
ఇప్పుడు మా దగ్గర ఒక చిన్న మార్పు చేశాం. తప్పు ఫలితం వచ్చి, దానికి సరైన కారణం అనుమానించి, ఇంకో స్లైడుతో ఆ అనుమానాన్ని పరీక్షించినవాళ్లకి పూర్తి మార్కులు. మొదటి నెల ఎవరూ నమ్మలేదు. తర్వాత స్లైడు చెడితే సంబరపడేవాళ్లు కూడా తయారయ్యారు, అది వేరే తలనొప్పి.

ఎలుక_నం_7
కావాలని ఆల్కహాల్ ఎక్కువ పోసే బ్యాచ్ మాదే. ధన్యవాదాలు.

గణాంకాల_గోల
ఎవరూ ఎత్తలేదు కాబట్టి నేనే ఎత్తుతా. లెక్కలు. కాలనీ_కౌంటర్ గారు చెప్పింది గుణకారం, నేననేది ఇంకో మెట్టు పైది. ఒక ప్రాజెక్టు చూశాను, ఒక తొట్టెలో ఎరువు వేసి పది మొక్కలు, ఇంకో తొట్టెలో ఎరువు లేకుండా పది మొక్కలు. ఎత్తు కొలిచారు, టీ టెస్ట్ (రెండు సగటులని పోల్చే లెక్క) చేశారు, పీ విలువ (ఎరువు ప్రభావమే లేకపోతే ఇంత తేడా ఊరికే వచ్చే అవకాశం) 0.05 కంటే తక్కువ వచ్చింది, "ఎరువు పనిచేస్తుంది" అని ముగించారు. గైడ్ సంతకం కూడా అయిపోయింది.
అక్కడ శాంపిల్ సైజు ఇరవై కాదండీ, తొట్టెకి ఒకటి చొప్పున ఒకటే. మొదటి తొట్టె కిటికీ పక్కన ఉందేమో, దాని మట్టే మంచిదేమో, తేడా ఎరువుదో తొట్టెదో ఎలా తెలుస్తుంది? హర్ల్‌బర్ట్ అనే ఎకాలజిస్టు 1984లోనే దీనికి సూడోరెప్లికేషన్ (ఉత్తుత్తి పునరావృతం) అని పేరు పెట్టి ఎకాలజీ వాళ్లని ఉతికి ఆరేశాడు. అదే ఇరవై మొక్కల్ని ఇరవై చిన్న కుండీల్లో పెట్టి, ఎరువు ఎవరికో లాటరీ తీసి, కుండీలని కలగాపులగంగా పెడితే పోయేది. ఖర్చు లేదు, ఆలోచనే. "గణాంక పద్ధతులు ఉపయోగిస్తాడు" అనే లక్ష్యానికి ఆ ప్రాజెక్టు టిక్కు పెట్టించుకుంది, చూశారా. సాఫ్ట్‌వేర్‌లో బటన్ నొక్కడం లక్ష్యం కాదు, కొలవక ముందే ఏది ఒక యూనిట్ అని అడగడం రావాలి.

ఎలుక_నం_7
బయాలజీ తీసుకున్నదే లెక్కలు తప్పించుకోవడానికి కదండీ, ఇక్కడికీ వచ్చేశాయా

గణాంకాల_గోల
జనాభాలో జన్యువుల నిష్పత్తి లెక్క పట్టుకుని హార్డీ, వైన్‌బర్గ్ 1908లోనే వచ్చేశారు. మీరే ఆలస్యం.

ఫేజ్‌ప్రేమి
ప్రాక్టికల్స్‌కి నా ఓటు అసలైన రీసెర్చ్‌కే, అదీ మొదటి సంవత్సరంలోనే. హెచ్‌హెచ్ఎంఐ అనే అమెరికా పరిశోధన సంస్థ వాళ్ల సీ-ఫేజెస్ అని ఒక కార్యక్రమం 2008 నుంచి నడుస్తోంది. కొత్తగా చేరిన పిల్లలు మట్టి తెచ్చి, అందులోంచి బ్యాక్టీరియాని తినే వైరస్‌ని వేరుచేసి, పేరు పెట్టి, జీనోమ్ చదివించి, ఏ జన్యువు ఎక్కడ మొదలవుతుందో వాళ్లే గుర్తిస్తారు. జవాబు టీచర్‌కీ తెలీదు, అదే దాని కిక్కు. ఎంపిక చేసిన ఇద్దరు ముగ్గురు టాపర్లకి కాకుండా క్లాసు మొత్తానికి రీసెర్చ్ అనుభవం దొరుకుతుంది. పక్కవాళ్ల ప్లేట్ చూసి కాపీ కొట్టడానికి కూడా లేదు, పక్కవాడి వైరస్ వేరు.

ప్రిపరేషన్‌రూమ్
ఫేజ్‌ప్రేమి, వినడానికి బాగుంది, సీక్వెన్సింగ్ బిల్లు ఎవరు కడతారు? అందరికీ ఆ వెసులుబాటు ఉండదు. మేం డక్‌వీడ్‌తో లాగిస్తున్నాం. నీటి మీద తేలే చిన్న ఆకులు, కొన్ని రోజుల్లోనే రెట్టింపవుతాయి, లెక్కపెట్టడానికి కళ్లు చాలు. ఉప్పు, వెలుతురు, సబ్బు నీళ్లు, ఎరువు, ప్రశ్న మాత్రం వాళ్లదే. కంట్రోల్ (పోలిక కోసం ఏమీ కలపని గ్లాసు) ఏం పెట్టాలో, ఎన్ని గ్లాసులు పెట్టాలో కూడా వాళ్లే రాసుకొచ్చి నన్ను ఒప్పించాలి, అప్పుడే ట్రేలు ఇస్తాను. (గణాంకాల_గోల గారూ, గ్లాసే యూనిట్. ఆకు కాదు. తెలుసు.)

పాతకాపు
డక్‌వీడ్ నాకు నచ్చింది. వైరస్‌లకు పేర్లు పెట్టడం కంటే ఇదే మేలు.
ఒక మాట, ఇందాకట్నుంచి లెక్చర్‌ని ఎవరూ నేరుగా తిట్టలేదు, సంతోషం.

ఆకుల_చాటున
తిడదాం లెండి. 2014లో ఫ్రీమన్ బృందం 225 అధ్యయనాలు కలిపి చూసింది. ఉత్త లెక్చర్ క్లాసుల్లో సగటున 33.8 శాతం ఫెయిలైతే, పిల్లల చేత ఏదో ఒకటి చేయించిన క్లాసుల్లో 21.8 శాతం. బయాలజీ ఒక్కటే కాదు, సైన్స్, ఇంజనీరింగ్, లెక్కలు అన్నీ కలిపి.

పాతకాపు
"ఏదో ఒకటి" అనేదే అసలు చిక్కు. గ్రూపుల్లో కూర్చోబెట్టి కబుర్లు చెప్పించినా యాక్టివ్ లెర్నింగే అంటున్నారు ఈ మధ్య. మంచి లెక్చర్ మధ్యలో ఆపి సెంట్రిఫ్యూజ్ గారి పట్టీల ప్రశ్న వేసి అయిదు నిమిషాలు నోరు మూసుకుని నిలబడటం, నేనైతే దానికి ఒప్పుకుంటాను.

మూడో_ఏడు
పరిణామం గురించి ఒక్క మాట. ఆకుల_చాటున గారి ఐదింట్లో అది మొదటిది. మాకు అది చివరి సెమిస్టర్‌లో చివరి యూనిట్, టైం లేక "మీరే చదువుకోండి" అన్నారు. అంతకుముందు మైక్రోబయాలజీలో యాంటీబయాటిక్ రెసిస్టెన్స్ చెప్పినప్పుడు "బ్యాక్టీరియా మందుకి అలవాటు పడుతుంది" అనే రాసుకున్నాం. అది తప్పని నాకు యూట్యూబ్‌లో తెలిసింది.

కాలనీ_కౌంటర్
అయ్యో. లూరియా, డెల్‌బ్రుక్ 1943లోనే వైరస్‌లతో తేల్చారు అది. రెసిస్టెన్స్ తెచ్చే ఉత్పరివర్తన ముందే ఎక్కడో ఒక కణంలో జరిగి ఉంటుంది, మిగతావి చచ్చిపోతే అది మిగులుతుంది. 1952లో లెడర్‌బర్గ్‌ల మఖ్‌మల్ గుడ్డ అచ్చు ప్రయోగం (ఒక ప్లేటు కాలనీలని గుడ్డతో అద్ది, మందున్న ప్లేటు మీద అదే అమరికలో అచ్చువేయడం) చూపిస్తే పది నిమిషాల్లో ఎక్కే విషయం. మందు తగలని అసలు ప్లేటులోనే రెసిస్టెంట్ కాలనీలు ఉన్నాయని తేలుతుంది కదా.
పరిణామాన్ని ఒక యూనిట్‌గా చివర్లో తోసేస్తే జరిగేది ఇదే. దాన్ని ప్రతి పేపర్‌లోనూ కొంచెం కొంచెం పెట్టాలి, లేకపోతే మిగతా పేపర్లన్నీ విడివిడి పేర్ల జాబితాలైపోతాయి.

జీవ_లెక్చరర్
నిన్న కూర్చుని ఒక పట్టిక వేశాను. అడ్డంగా మా పేపర్లు, నిలువుగా లక్ష్యాలు. ఏ లక్ష్యం ఏ పేపర్‌లో మొదలవుతుంది, ఎక్కడ సాధన జరుగుతుంది, ఎక్కడ పరీక్షిస్తాం అని మా వాళ్లందరి చేతా గళ్లు నింపించాను. "కమ్యూనికేషన్ నైపుణ్యం" వరసలో అందరూ టిక్కు పెట్టారు. సరే, పిల్లల చేత ఏం రాయిస్తున్నారో ఒక్క నమూనా ఇవ్వండి అంటే గది నిశ్శబ్దం. రికార్డు తప్ప ఏ పేపర్‌లోనూ పిల్లలు సొంతంగా రాసింది ఒక్క పేజీ లేదు. పరిణామం వరసలో మూడో_ఏడు చెప్పినట్టే, చివర్న ఒకే ఒక్క టిక్కు.
కాగితం మీద పన్నెండు లక్ష్యాలుండేవి, ఐదుకి దించాను. ప్రతిదాని పక్కన ఒక నమూనా ప్రశ్న పెట్టాను. ప్రశ్న రాయలేకపోయిన లక్ష్యాన్ని తీసేశాను. జీవవైవిధ్య అభినందన అలాగే పోయింది, ఫీల్డ్ ట్రిప్ వాళ్లు నాతో మాట్లాడటం లేదు.

ఆకుల_చాటున
ఫీల్డ్ ట్రిప్ వాళ్ల తరఫున అభ్యంతరం! అభినందన పోతే పోయింది, "గుర్తింపు పట్టిక (కీ) చేతికిచ్చి తెలియని మొక్కని కుటుంబం వరకు గుర్తించగలడు" అని పెట్టండి. ప్రశ్న రాయలేనివన్నీ తీసేస్తే, కొలవడానికి తేలికైనవే మిగులుతాయి జాగ్రత్త. అరగంట కదలకుండా కూర్చుని ఒక పురుగు ఏం చేస్తోందో చూసి రాయడం కూడా బయాలజీయే, దానికి మార్కుల పథకం రాయడం కష్టమని వదిలేస్తామా?

జీవ_లెక్చరర్
ఈ మాట న్యాయంగానే ఉంది. పరిశీలన పుస్తకం అని ఆరోదిగా చేరుస్తా. కానీ ఎలా దిద్దాలి? అందులోనూ ఇప్పుడు చాట్‌బాట్‌లతో రాయించి తెచ్చేస్తున్నారు, ల్యాబ్ రిపోర్టులన్నీ ఒకే గొంతుతో వినబడుతున్నాయి.

ప్రిపరేషన్‌రూమ్
ల్యాబ్ నోట్‌బుక్‌కి నేను చేసేది చెప్తా, దీనికీ పనికొస్తుంది. పెన్నుతోనే రాయాలి, చూస్తున్నప్పుడే రాయాలి, కొట్టివేతలు ఉండొచ్చు, పేజీ చింపకూడదు. వెళ్లే ముందు నేను ఆ పేజీ మీద తేదీ వేసి సంతకం పెడతాను. ఫెయిర్ కాపీ అడగను, అడిగితేనే కదా చాట్‌బాట్ పని. తర్వాతి వారం ఎవరో ఒకరి పేజీ తెరిచి "ఇక్కడ 14 కొట్టేసి 11 ఎందుకు రాశావు?" అని అడుగుతాను. నిజంగా చూసి రాసినవాడికి ఆ కథంతా గుర్తుంటుంది.

మూడో_ఏడు
మా దగ్గర కొట్టివేత ఉంటే అర మార్కు కట్ 🙃

ప్రిపరేషన్‌రూమ్
మీ ల్యాబ్ ఇన్‌ఛార్జిని ఈ థ్రెడ్‌కి పంపండి.

గణాంకాల_గోల
అన్నట్టు లెక్చరర్ గారూ, ఆ ఐదు లక్ష్యాలు, నమూనా ప్రశ్నలు ఇక్కడ పెట్టండి, ప్రశ్నల బ్యాంకు ఇక్కడే మొదలుపెడదాం. తొట్టెల ప్రశ్న నేను రాసిస్తా, జవాబుతో సహా.